దూరపు వర్తకుఁడు – దగ్గఱ న్యాయస్థానము

నౌపడ యుప్పుమళ్లలో శ్రమించిన సొమ్ముతో నొకఁడు అంతర్జాలమున ఫోను తెప్పించెననుకొందము. నెల తిరుగకమునుపే యది మూగవోయెను. వారంటీ చూపినచో విక్రేత తయారీదారు నడుగుమనును; తయారీదారు విక్రేతను జూపును. ఎంత చక్కని వర్తకనీతి! ఇఁక బెంగుళూరు పోయి వ్యాజ్యమాడుట యీ పేదవాని తరమా?

అక్కఱలేదు. 1986 నాఁటి చట్టము ప్రతివాది యున్నచోటికో, వ్యవహారము పుట్టినచోటికో పొమ్మనెను. 2019 నాఁటి వినియోగదారుల రక్షణ చట్టము కొనువాఁడు నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయనిచ్చుచున్నది. శ్రీకాకుళము జిల్లా కమిషనుచేతనే వెల వాపసు, నష్టపరిహారము నడుగవచ్చును. చెల్లించిన వెల 5 లక్షలు మించనిచో రుసుము లేదు. వకీలు లేకున్నను వాదింపవచ్చును. ముందుగా 1915 నంబరునకు ఫోను చేయుట మేలు. రసీదును, విక్రేత ప్రత్యుత్తరములను భద్రపఱుపుఁడు. గడువు 2 ఏండ్లే. వర్తకుఁడు రేపు మాపని దాఁటవేయుచుండఁగా నది వానలో నుప్పువలెఁ గరగిపోవును.