నత్తికి చికిత్స నేర్చు విద్యార్థులు

బడిలో పాఠము చదువు వంతు రాగానే నోరు పెగలక నిలిచిపోవు బాలుడు మన కోలారు జిల్లాలో ఏ తరగతిలోనైన నుండవచ్చును. పసితనమున నూటికి సుమారు అయిదుగురికి నత్తి కనబడుననియు, వారిలో పెక్కుమందికి అది తనంతట తానే పోవుననియు, పెద్దలలో నూటికి ఒక్కరికి మిగులుననియు శాస్త్రజ్ఞుల లెక్క. మనమో, నాలుకపై వస అరగదీసి నాకించి, అప్పటికిని మాట సాగకున్న ‘నత్తివాడు’ అని పేరు పెట్టి ఊరకుందుము. 2001లో గనులు మూతపడిన పిమ్మట మన యువకులు రైలెక్కి బెంగుళూరు పోయి కొలువులకై మాటలాడి మెప్పింపవలసినవారు. అచట ఆ పేరు అన్నమునకే అడ్డము.

మైసూరులో 1965లో స్థాపితమైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ విద్యకు దేశమున ప్రధాన కేంద్రము. అట్టి విద్యాలయములలో నేర్చువారిని గూర్చియే మా విన్నపము. అక్షరమును ఎన్నిమార్లు తిరిగి పలికెనో లెక్కించుట సులభమే. ఫోను మ్రోగిన బెదరుట, తన పేరు చెప్పవలసిన చోట తప్పుకొనుట, రాని మాటకు బదులు వేరొక మాట వెదకుట లెక్కకు చిక్కవు. అందులకే విద్యార్థి అంగడికి పోయి, కావలెనని నత్తితో మాటలాడి, ఎదుటివాని ముఖము మారుట చూచి రావలెనను అభ్యాసము పెక్కు దేశములలో నున్నది. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయమున దీనిని ప్రచారమునకు తెచ్చినవారిలో స్వయముగా నత్తిగల వెండెల్ జాన్సన్ ఒకరు. ఇంటికి రాగానే విద్యార్థికి విముక్తి, మన బాలునికి లేదు. అయినను పుస్తకము నేర్పలేనిది ఆ పది నిమిషములు నేర్పును. అదే అయోవాలో 1939లో చక్కగా మాటలాడు అనాథ బాలలను సైతము నత్తివారని నమ్మించి పరీక్షింపగా, కొందరు నోరు విప్పుటకే జంకిరి. ఆ విశ్వవిద్యాలయము 2001లో క్షమాపణ చెప్పినది.

మన పిల్లలు ఇంట తెలుగు, బడిలో కన్నడము, ఆంగ్లము, గనుల వాడలలో తమిళము పలుకుదురు. ‘చెప్పి చెప్పి’, ‘పోయి పోయి’ యనుట మన నుడికారమే గాని నత్తి కాదు. తెలుగు రాని విద్యార్థి ఈ భేదము నెట్లెఱుగును? తల్లితో తడబడనివాడు ఉపాధ్యాయుని యెదుట తడబడవచ్చును. రెండును వినవలెను. కావున విద్యార్థులను కొన్ని వారములు రాబర్ట్‌సన్‌పేట, బంగారుపేట, ముళబాగిలు, శ్రీనివాసపురముల బడులకు పంపవలెనని కోరుచున్నాము.

మన వంతును గలదు. విజ్ఞాన శాఖలో పి.యు.సి. ముగించిన మన పిల్లలకు ఈ నాలుగేండ్ల పట్టమున ప్రవేశము గలదు. ఇంజనీరింగు తప్ప వేరొకటి యెఱుగని తలిదండ్రులు దీనిని గూర్చి ఈ వేసవిలోనైన విచారింతురు గాక.