ఈగ చావలేదు సరే, పొట్ట సంగతేమిటి?

మందు కొట్టిన మర్నాడు కొబ్బరి తోటలో చచ్చిన తేనెటీగలు కనిపించకపోతే, ఆ మందు వాటికి చెరుపు చేయదని తేల్చేస్తాం. ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో ఈగ పొట్ట చూస్తే తెలుస్తుంది. పిల్లపురుగు పొట్ట అడుగు మూసిన సంచి. సుమారు ఆరు రోజులు తినడమే గానీ విసర్జన ఉండదు. ఎదుగుదల చివర్లో దారి తెరుచుకుంటే ఒక్కసారిగా ఖాళీ చేసుకుంటుంది. ఆపైన మైనపు మూత కింద పాత పేగు గోడ కణాలు వాటంతటవే చచ్చిపోతాయి, అడుగున కాచుకున్న చిన్న కణాలు కొత్త గోడ కడతాయి. పాక పీకేసి అదే స్థలంలో డాబా వేసుకోవడం లాంటిదే. పెట్టెల్లో పెంచే ఇటాలియన్ జాతి కూలి ఈగ, గుడ్డు పెట్టిన 21వ రోజుకు మూత కొరుక్కుని బయటికొస్తుంది. పేగు కొత్తదే, అందులో ఉండాల్సిన మేలు బ్యాక్టీరియా మాత్రం దాదాపు లేదు. దాన్ని తొలి వారంలోనే తోటి ఈగల నుంచి, తేనెపట్టు నుంచి సంపాదించుకోవాలి.

దెబ్బ తగిలేది ఆ వారంలోనే. టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో చూపింది ఇదే: గ్లైఫోసేట్ కలుపు మందు ఈగను నేరుగా చంపకపోయినా, దాని పేగులోని స్నాడ్‌గ్రాసెల్లా అనే మేలు బ్యాక్టీరియాను తగ్గించింది. మందు తగిలిన లేత ఈగలు రోగకారక క్రిమి సోకినప్పుడు ఎక్కువగా చనిపోయాయి. కారణం చిత్రమైనది. మొక్కలో ఆ మందు అడ్డుకునే ఎంజైము ఈగలో లేదు, దాని పొట్టలోని బ్యాక్టీరియాలో ఉంది.

ప్రయోగశాలలో పోసిన మోతాదే మన తోటల్లోనూ ఈగకు అందుతుందా అని అడిగితే, ఆ ప్రశ్న న్యాయమైనదే. కొలిచి చూడమనే నేనూ అంటున్నాను. కలుపు మందు పడేది గడ్డి మీద కదా అంటారు. ఆ గడ్డిపూలూ ఈగలకు మేతే. 2022 అక్టోబరులో కేంద్రం గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది నిజమే, కానీ ఆ ఉత్తర్వుకు ఈగ పొట్ట కారణం కాదు. కొబ్బరిలో పరాగ సంపర్కానికి గాలి చాలదా, ఈగలెందుకు అనేవారూ ఉన్నారు. పొడవు రకాల్లో ఒకే గెలలో మగపూలు ముందే రాలిపోతాయి, పుప్పొడి మరో చెట్టు నుంచి రావాలి. గాలి మోసుకొస్తే మంచిదే, ఈగ తోడైతే ఇంకా మంచిది. కొబ్బరి ఆకు తినే నల్లతల పురుగు మీదికి, దాన్ని చంపే బదనిక కీటకాలను పెంచి వదిలిన అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానానికి పురుగుతో పని కొత్త కాదు. తోటల్లో వాడే మందులను పెద్ద ఈగల మీదే కాక, పట్టులోంచి అప్పుడే బయటపడిన ఈగల మీద కూడా అక్కడ పరీక్షించాలి. అమలాపురం, రాజోలు, కొత్తపేట రైతులకు ఆ ఫలితాలు మందు డబ్బాతో పాటే అందాలి.