పాత బుల్లెట్టు... కొత్త ఇంజను!

ఆదివారం పొద్దున సీతాఫల్‌మండి సందుల్లో ఓసారి నడిచి చూడండి. ఏదో ఒక ఇంటి గేటు ముందు గోనెసంచి పరిచి ఉంటుంది. దానిమీద నట్లూ బోల్టులూ వరసగా పేర్చి ఉంటాయి. మధ్యలో ట్యాంకూ సీటూ ఊడదీసిన మోటార్‌సైకిలు ఒకటి, స్నానానికి బట్టలు విప్పిన పిల్లాడిలా బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంటుంది. పక్కనే లాలాగూడ రైల్వే వర్క్‌షాపు ఉన్నందుకో ఏమో, ఈ చుట్టుపక్కల స్పానరు పట్టడం తెలిసినవాళ్లకు కొదవలేదు. ఇటువైపు ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీ. ఒకళ్లది చేతివాటం, ఇంకొకళ్లది లెక్క. రెండూ కలిసేది ఇలాంటి గోనెసంచి దగ్గరే.

వీళ్లలో చాలామందికి ఇప్పుడు ఒకటే కోరిక. బండి చూడ్డానికి తాతల కాలం నాటిదిలా ఉండాలి. గుండ్రటి హెడ్‌లైటు, కన్నీటిబొట్టు ఆకారంలో ట్యాంకు, దానిమీద బంగారు గీతలు... అన్నీ ఉండాలి. కానీ కిక్కు కొట్టీ కొట్టీ కాలు పీకకూడదు. బటన్ నొక్కితే చాలు, స్టార్టయిపోవాలి. నూనె కారకూడదు. మధ్యదారిలో మొరాయించకూడదు. అంటే ఒళ్లు పాతది, ఇంజను కొత్తది. అడగడానికేం, బాగానే ఉంది!

మా వీధిలో ఓ అబ్బాయికీ ఇదే ఆలోచన వచ్చింది. వాళ్ల నాన్నగారు రైల్వేలో పనిచేస్తున్న రోజుల్లో సెకండ్‌హ్యాండులో కొన్న బుల్లెట్ 350 అది. 1974 రిజిస్ట్రేషను, మూడక్షరాల పాత నంబరు ప్లేటు. ఆయన పోయి మూడేళ్లయింది. అప్పట్నుంచీ మెట్లకింద దుప్పటి కప్పుకుని ఉంది బండి. ఇంజను ఎప్పుడో బోరుకొచ్చేసింది. అబ్బాయి మాదాపూర్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాడు, చేతిలో నాలుగు డబ్బులున్నాయి. యాక్సిడెంటయిన కొత్త క్లాసిక్ ఒకటి దొరికితే దాని ఇంజను తీసి నాన్న బండిలో పెట్టించేద్దామని సంబరంగా మెకానిక్కు దగ్గరకెళ్లాడు.

‘‘ఉస్తాద్, ఎన్ని రోజుల్లో అయితది?’’

‘‘ఇంజను పెట్టుడు ఎంతసేపు తమ్మీ! కోసుడు, వెల్డింగు కొట్టుడు, మనకు చేతగాని పనా? మరి ఆర్సీల నంబరెవలు మారుస్తరు? నువ్వు మారుస్తవా, నేను మార్వాల్నా?’’

ముప్ఫయ్యేళ్లుగా బుల్లెట్లు విప్పుతున్న మనిషి ఆయన. రెండు మాటల్లో అసలు చిక్కంతా చెప్పేశాడు. అయితే ఆర్సీ కంటే ముందు ఆ ‘కోసుడు, వెల్డింగు’ సంగతి చూడాలి. తేలిగ్గా అన్నాడు గానీ అదేమంత తేలిక కాదు.

పాత బుల్లెట్టు ఫ్రేముకు ఇంజను కింద ఆసరా ఉండదు. ముందువైపు నుంచి ఒకే గొట్టం దిగి, ఇంజను దగ్గర ఆగిపోతుంది. అక్కడ్నుంచి వెనక్కి బరువు మోసేది ఇంజనే. అంటే ఇంజను ఫ్రేములో కూర్చున్న చుట్టం కాదు, ఇంటికి అదీ ఒక స్తంభమే. పైగా పాత బండిలో ఇంజను వేరు, గేర్‌బాక్సు వేరు. రెంటినీ చైను కలుపుతుంది. 2009లో వచ్చిన క్లాసిక్‌లో రెండూ ఒకే ముద్దలో ఉంటాయి. 2020లో మీటియోర్‌తో మొదలై 2021లో క్లాసిక్‌కు, 2023లో బుల్లెట్టుకు వచ్చిన 349 సీసీ ఇంజను అయితే మరీ వేరు. దానికోసం ముందు రెండు గొట్టాలుండే ఫ్రేమునే కంపెనీ కొత్తగా చేసింది. కాబట్టి కొత్త ఇంజను పాత ఫ్రేములో పెట్టడమంటే స్తంభం తీసేసి, వేరే కొలతల స్తంభాన్ని ఇరికించడమే. బోల్టు రంధ్రాలు కలవవు. వెనక చక్రానికి చైను తిన్నగా రాదు. గొట్టాలు కోసి అతికిన చోట వెల్డింగు ఎంత గట్టిదో రోడ్డుమీద గుంత వచ్చినప్పుడు గానీ తెలియదు.

సరే, అదీ దాటారనుకోండి. కొత్త ఇంజనుకు కార్బురేటరు లేదు. పెట్రోలు లెక్కగా చిమ్మడానికి ఓ చిన్న కంప్యూటరు, దానికి సమాచారం చెప్పే సెన్సర్లు, ట్యాంకులో పంపు, వీటన్నిటికీ సరిపడా కరెంటు కావాలి. నాన్నగారి ట్యాంకులో ఆ పంపుకు చోటెక్కడిది? అడుగు కోయాలి. కొత్త బండి బ్రేకులు దాని వేగానికి తగ్గట్టు చేసినవి. పాత బండి డ్రమ్ము బ్రేకులు పాత వేగానికి చేసినవి. ఒకటి మారిస్తే ఇంకొకటి... అలా మారుస్తూ పోతే చివరికి నాన్నగారిదని చెప్పుకోవడానికి నంబరు ప్లేటు ఒక్కటే మిగులుతుంది.

ఈ పిచ్చి మనవాళ్లతోనే మొదలైందేమీ కాదు. 1950లు, 60ల్లో ఇంగ్లండు కుర్రకారు నార్టన్ ఫ్రేము బాగుందని, ట్రయంఫ్ ఇంజను బాగుందని రెంటికీ పెళ్లి చేసి ‘ట్రైటన్’ అని పేరు పెట్టారు. పాల్ కార్‌బెరీ అనే ఆస్ట్రేలియా ఆయన ఏకంగా రెండు బుల్లెట్టు సిలిండర్లను ‘వి’ ఆకారంలో కలిపి 1000 సీసీ బండి చేశాడు. వాళ్లు బండికి తగ్గట్టు ఫ్రేమునూ, ఫ్రేముకు తగ్గట్టు ఇంజనునూ లెక్కలేసి మలుచుకున్నవాళ్లు. ఆదివారం మధ్యాహ్నం భోజనానికల్లా అయిపోయే పని కాదది.

కంపెనీలూ ఈ కోరికను బాగానే పసిగట్టాయి. ట్రయంఫ్ వాళ్లు 2008 ప్రాంతంలో బోనెవిల్‌కు ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టి, దాన్ని పాతకాలం కార్బురేటర్లలా కనిపించేట్టు వేషం వేశారు! జావా పేరు 2018లో మళ్లీ రోడ్డెక్కింది. చూడ్డానికి అదే గుండ్రటి ట్యాంకు, లోపల మాత్రం నీళ్లతో చల్లబడే 293 సీసీ ఇంజను. పాత జావా పొగ వాసన కోసం వెళ్లినవాళ్లు కాస్త నిరాశపడి ఉంటారు. 1955లో మద్రాసులో బండ్లు బిగించడం మొదలుపెట్టిన ఎన్‌ఫీల్డు కూడా ఇప్పుడు అమ్ముతున్నది ఈ కలనే కదా. ట్యాంకు మీద బంగారు గీతలు ఈనాటికీ చేత్తోనే గీయిస్తారు. ఆ గీతల కింద ఇంజను మాత్రం సరికొత్తది.

ఇక ఉస్తాద్ అడిగిన ఆర్సీ సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ చెప్పిన వివరాలకూ ఆర్సీలో ఉన్నదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, అనుమతి లేని ఒక్కో మార్పుకూ 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ అన్నారు. జరిమానా కట్టేస్తాంలే అనుకోవచ్చు. కానీ ఎవరికైనా దెబ్బ తగిలినప్పుడు, బండిలో ఉన్న ఇంజను నంబరూ ఆర్సీలోని నంబరూ వేరని తేలితే బీమా కంపెనీ ముందు ఏం చెబుతారు? ఇంటిల్లిపాదీ ఆలోచించుకోవాల్సిన విషయం ఇది.

ఆ అబ్బాయికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. యాభయ్యేళ్లు దాటిన సొంత వాహనాలకు కేంద్రం 2021లో ‘వింటేజ్’ హోదా తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను తేదీ నుంచి లెక్క. అంటే నాన్నగారి 1974 బండి ఆ వయసు దాటేసింది. ఇప్పటికే రిజిస్టరై ఉన్న బండి తన పాత నంబరునే ఉంచుకోవచ్చు. అయితే షరతు ఉంది. ఛాసిస్సు, బాడీ, ఇంజను మొదట్లో ఉన్నట్టే ఉండాలి. కొత్త ఇంజను పెట్టిన మరుక్షణం ఆ అర్హత పోతుంది. ఇంకో షరతూ ఉంది. వింటేజ్ కింద నమోదైతే ప్రదర్శనలకూ ర్యాలీలకూ తీయడానికేగానీ, రోజూ ఆఫీసుకు తిరగడానికి కుదరదు. మరి నాన్న బండిమీద మాదాపూర్ వెళ్లాలన్నదే కదా అబ్బాయి సరదా!

వాళ్లమ్మగారు మాత్రం ఈ చట్టాలేమీ ఎత్తలేదు. ‘‘మీ నాయన చిల్కలగూడ కాడ ఉన్నప్పుడే నాకు బండి సప్పుడు తెలిసేది, పొయ్యి మీద చాయ పెట్టేదాన్ని. గా సప్పుడు రానప్పుడు ఇంకేందిరా బాగు చేసేది?’’ అందట. ఆ సప్పుడుకు మెకానిక్కుల లెక్క కూడా ఉంది. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు. సన్నటి సిలిండరులో పిస్టను చాలా దూరం ప్రయాణిస్తుంది, పక్కన బరువైన ఫ్లైవీలు నింపాదిగా తిరుగుతుంది. అందుకే దెబ్బకూ దెబ్బకూ మధ్య అంత ఎడం. కొత్త ఇంజనులో అదురు తగ్గించడానికి ఎదురు తిరిగే బరువొకటి పెట్టారు. చేతులకు హాయి. కానీ పొయ్యి దగ్గరకు కబురందదు.

మరి దారేమీ లేదా అంటే... ఉంది. పాత ఇంజను పెట్టె అలాగే ఉంచి లోపల కొత్తదనం నింపడం. సిలిండరు బోరు చేయించి కొత్త పిస్టను వేయించవచ్చు. కనెక్టింగ్ రాడ్డు అడుగున అరిగిపోయే ఫ్లోటింగ్ బుష్షు తీయించి రోలర్ బేరింగు పెట్టించుకోవచ్చు. నెలకోసారి గరుకు కాగితంతో రుద్దే సీబీ పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేస్తే కిక్కుల బాధ సగం తగ్గుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు కాబట్టి రబ్బరు పైపులు, వాషర్లు కూడా మార్చేయాలి. కావలసినవి రాణీగంజ్, పుత్లీబౌలీ దుకాణాలు రెండు రోజులు తిరిగితే దొరుకుతాయి. ఆర్సీలో ఒక్క అంకె మారదు. వింటేజ్ దరఖాస్తు పెట్టాలనుకుంటే మాత్రం ఏవేం మారుస్తున్నామో ముందే ఆర్టీయే ఆఫీసులో అడగడం మంచిది.

రోజూ తిరగాల్సినవాళ్లకు నేనైతే రెండో దారే చెబుతాను. కొత్త ఇంజనుతో కంపెనీ అమ్మే బండినే కొనుక్కుని, పై వేషం మార్చుకోవడం. మన హైదరాబాద్‌లోనే ఈమోర్ కస్టమ్స్ వాళ్లు ఎన్‌ఫీల్డు బండ్లకు రంగులు, సీట్లు, తోలుపనితో కొత్త రూపమిచ్చి పేరు తెచ్చుకున్నారు. రంగు మార్చినా ఆర్సీలో రాయించుకోవాలని మరవద్దు. సైలెన్సరు జోలికి మాత్రం వెళ్లకండి. పోలీసులు అలాంటివి రోడ్డుమీద పేర్చి రోలరు తొక్కించిన ఫొటోలు పేపర్లలో చూసే ఉంటారు.

మా వీధి అబ్బాయి మొదటి దారే ఎంచుకున్నాడు. ఇంజను ఇప్పుడు ఉస్తాద్ బల్లమీద ముక్కలుగా ఉంది. కానీ పెట్టుబడి పెట్టేముందు చేయాల్సిన పని ఒకటి అతనిక్కూడా మిగిలిపోయింది. బండి ఇంకా నాన్నగారి పేరునే ఉంది. యజమాని పోయాక వారసులు 30 రోజుల్లో ఆర్టీయేకి తెలపాలి, మూడు నెలల్లోగా ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. మూడేళ్లు దాటింది కాబట్టి ఆలస్యానికి సంజాయిషీ తప్పదు. 15 ఏళ్ల తర్వాత ఐదేళ్లకోసారి చేయించాల్సిన రెన్యువల్ ఎక్కడ ఆగిందో కూడా చూసుకోవాలి. మీ ఇంట్లోనూ దుప్పటి కింద ఇలాంటి బండి ఉంటే, రంగు వేయించకముందే ఓ పని చేయండి. ఛాసిస్సు నంబరు మీద కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది, అచ్చు తీసుకోండి. ఇంజను నంబరుకూ అలాగే. రెండూ ఆర్సీతో సరిపోతేనే మెకానిక్కును పిలవండి.