చుట్టిన రోజుల లెక్క ఎవరి చేతిలో?

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో బీడీలు చుట్టే స్త్రీలను నేను సెలవు గురించి అడిగితే నవ్వారు. ఇంట్లో చేసే పనికి సెలవేమిటి?

1966 నాటి బీడీ కార్మికుల చట్టం మాత్రం ఇంటి దగ్గర చుట్టేవాళ్ళనూ కార్మికులుగానే గుర్తించింది. 20 పనిదినాలకు ఒక రోజు వేతనంతో సెలవిచ్చింది. 2025 నవంబరు 21న దాని స్థానంలోకి వచ్చిన కోడ్, వాడని సెలవును ఏడాది చివర నగదుగా అడిగి తీసుకోవచ్చంటోంది. అయితే ఆ ఏడాదిలో 180 రోజులు పని చేసి ఉండాలి. ఆకు, తంబాకు ఇచ్చేది యజమాని. నెలకు ఎన్ని రోజులు పనో తేల్చేదీ, పుస్తకంలో రాసేదీ అతని మనుషులే! కార్డు అత్త పేరున ఉండి కోడలు చుట్టే ఇంట్లో ఆ రోజులు ఎవరివి? ఇల్లు 'సంస్థ' కాదనే వాదన కూడా రేపు వస్తుంది.

చుట్టే ప్రతి స్త్రీకీ తన పేరుతో, తన చేతిలో ఉండే హాజరు పుస్తకం కావాలని కార్మిక శాఖను అడుగుతున్నాం.