పని కుదుర్చువారు

1948లో అమెరికాలోని మిల్వాకీ పట్టణమున ఇద్దఱు న్యాయవాదులకు అవసరమైన వేళ టైపు చేయువారు దొరకలేదట. ఆ యిబ్బందినుండియే మాన్‌పవర్ అను సంస్థ పుట్టినది. అది పనివారికి తానే జీతమిచ్చి, పని చేయించుకొన్నవారియొద్ద అంతకు మించిన సొమ్ము పుచ్చుకొనును. నేడది డెబ్బదికి పైగా దేశములకు వ్యాపించినది.

ఈ వర్తకము మన సీమకు క్రొత్త కాదు. 1860లో చెన్నపట్టణమునుండి ట్రూరో అను ఓడ కూలీలను నేటాలునకు గొనిపోయినది. చిత్తూరు ప్రాంతము అప్పుడు ఉత్తరార్కాటు జిల్లాలోనిది; ఆ జిల్లానుండి తెలుగువారు పెక్కుమంది యచ్చటి తోటలకు బోయిరి. మొదటి జీతము నెలకు పది షిల్లింగులు. 1871లో తిరిగి వచ్చినవారు, చెప్పిన సొమ్ము ముట్టలేదని మొఱపెట్టుకొనగా, 1872లో విచారణ జరిగినది.

నేడు వడమాలపేటలో నొక తల్లి తన బిడ్డను గల్ఫు దేశమునకు పంపదలచినచో, ఏజెంటు మాటకంటె ముందు కాగితము చూడవలెనని మేము కోరుచున్నాము. 1983 నాటి వలసల చట్టము ప్రకారము రిజిస్ట్రేషను లేనివాడు విదేశోద్యోగములకు మనుష్యులను చేర్పరాదు. ఆ రిజిస్ట్రేషను సంఖ్యను ప్రభుత్వమువారి ఈ-మైగ్రేట్ పట్టికలో సరిచూచుకొనవచ్చును. యజమాని యెవరు? జీతమెంత? తిరుగు ప్రయాణపు ఖర్చెవరిది? ఇవి వ్రాతలో లేకున్న, ఏజెంటు రుసుమునకై నగలు కుదువ పెట్టకుడు.

ఆనాడు మనవారిలో పెక్కుమంది చదువలేకయే ఒప్పుకొనిరి. మనము చదువగలము. చదివి, అడిగి, అటుపిమ్మట సంతకము చేయింతము.