అట్ట మీద ఆరుగురు, సినిమాలో అయిదుగురు

మా బడా బేటాకి ర్యాప్ పిచ్చి పట్టుకుని రెండేళ్లయింది. దక్కనీలో ఏదో రాస్తుంటాడు, దోస్తులతో కలిసి ఫోన్‌లో రికార్డ్ చేస్తుంటాడు. మొన్న సెలవుల్లో 'స్ట్రెయిట్ అవుటా కాంప్టన్' చూద్దామని కూచున్నాడు. ఆ సినిమా 2015లో వచ్చినప్పుడే నేను చూశాను. గాలీలు లెక్కలేనన్ని, ఔరతులను చూపించే తీరు మరీ షరమ్. అందుకే రిమోట్ నా చేతిలో పెట్టుకుని పక్కన కూచున్నాను. ఇంటిల్లిపాదీ కూచుని చూడమని మీకెవరికీ చెప్పను. కానీ ఆ సినిమా గురించి మాట్లాడుకోవాల్సిన సంగతి ఒకటుంది.

సగం అయ్యాక వాడు తెర మీద వెనక నిలబడ్డ మనిషిని చూపించి "ఇనో కౌన్ అబ్బా?" అన్నాడు.

"ఎమ్‌సీ రెన్."

"ఏం చేస్తాడు?"

గంటకు పైగా చూసిన పిల్లాడు అడగాల్సిన సవాల్ కాదది. రెన్ ఆ గ్రూపులో పక్కవాయిద్యం కాదు. ఎన్.డబ్ల్యు.ఎ. అనే ఆ గ్రూపు (పేరు విప్పి రాయను, నల్లవాళ్లను తిట్టే మాట ఉంది అందులో) 1988లో తెచ్చిన ఆల్బమ్‌లో ప్రధానమైన గొంతుల్లో ఆయనదొకటి. రాసిన చేతుల్లోనూ ఆయనదొకటి. అదే ఏడాది ఈజీ-ఈ సొంత ఆల్బమ్ వచ్చింది. ఈజీకి రాయడం రాదు, అది అందరికీ తెలిసిన విషయమే. ఆ ఆల్బమ్‌లో చాలా పాటల వెనక కలం రెన్‌ది. 1989 చివర్లో ఐస్ క్యూబ్ అలిగి వెళ్లిపోయాక గ్రూపు కలాన్ని నిలబెట్టింది రెన్, డీ.ఓ.సీ. అనే డాలస్ కుర్రాడు. వాళ్లిద్దరూ ప్రధానంగా రాసిన రెండో ఆల్బమ్ 1991లో బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. క్యూబ్ లేకుండా!

సినిమాలో ఈ రెండో ఆల్బమ్ కాలం బస్సు కిటికీలోంచి కనిపించే ఊరులాగా దాటిపోతుంది. ఈజీకి క్యూబ్ రాసిచ్చిన పాటకు మాత్రం పెద్ద సీన్ ఉంది. స్టూడియోలో ఈజీ తడబడడం, డ్రే వెంటబడి పాడించడం, మంచి సీన్ అది. రెన్ రాసిచ్చిన వాటికి అలాంటి సీన్ లేదు.

ఇప్పుడు సినిమా ఎవరిదో చూడండి. నిర్మాతల్లో ఐస్ క్యూబ్ ఉన్నాడు, డాక్టర్ డ్రే ఉన్నాడు, 1995లో ఎయిడ్స్‌తో చనిపోయిన ఈజీ తరఫున ఆయన బేవా ఉంది. క్యూబ్ వేషం వేసింది క్యూబ్ సొంత కొడుకు. తెర మీద కథ ఎవరెవరి చుట్టూ తిరిగిందంటే సరిగ్గా ఈ ముగ్గురి చుట్టే. నిర్మాతల పట్టీలో లేనివాళ్లు రెన్, డీజే యెల్లా. తెర మీద పలచబడ్డవాళ్లు కూడా వాళ్లే. ఆ గ్రూపు ఆల్బమ్‌ల మీద ప్రొడ్యూసర్లుగా డ్రే పేరు పక్కన యెల్లా పేరు కూడా ఉంటుంది. సినిమాలో ఆయన నవ్వించడానికి ఉన్నట్టుంటాడు. ఇది ఇత్తెఫాక్ అని నన్ను నమ్మమంటే నమ్మలేను. ట్రెయిలర్లు వచ్చినప్పుడే రెన్ ట్విటర్‌లో గోడు వెళ్లబోసుకున్నాడు, తనను పక్కన పెట్టి చరిత్ర తిరగరాస్తున్నారని.

మనం చిన్నప్పుడు మదర్సాలోనో మస్జిద్‌లోనో ఒక ముచ్చట విని ఉంటాం. హదీస్‌లో మాట ఎంత ముఖ్యమో, ఆ మాట ఎవరి నోటి నుంచి ఎవరి చెవికి వచ్చిందో చెప్పే సనద్ కూడా అంతే ముఖ్యం. రావీ ఎవరు, నిజాయితీ ఎంత, యాద్దాష్త్ ఎలాంటిది, చెప్పేదాంట్లో ఆయనకేమైనా గరజ్ ఉందా అని ముహద్దిసులు జీవితాలు ధారపోసి వెతికారు. తౌబా, సినిమానీ హదీస్‌నీ ఒక తరాజులో పెట్టట్లేదు. ఆ అలవాటు మన ఇళ్లలో ఉంది కాబట్టి అడుగుతున్నాను: బయోపిక్ చూసేటప్పుడు మనం రావీ ఎవరని ఎందుకు అడగం? 'నిజంగా జరిగిన కథ' అని ఒక్క వాక్యం వేస్తే చాలు, గవాహీ అంతా పక్కా అనుకుంటాం. ఇక్కడ రావీలు ముగ్గురూ కథలో హీరోలే.

సినిమా తరఫున చెప్పుకోదగ్గ మాట లేకపోలేదు. రెండు గంటల ఇరవై ఏడు నిమిషాల్లో పదేళ్ల జిందగీ పట్టాలి. అందరికీ సమానంగా నిమిషాలు పంచితే అది సినిమా కాదు, హాజిరీ పట్టీ అవుతుంది. టికెట్ కొనేవాళ్లు డ్రే, క్యూబ్ పేర్లు చూసి కొంటారు. ఒప్పుకుంటాను. ఇఖ్తిసార్ తప్పు కాదు. ఇరవై సంఘటనలను ఐదు చేయొచ్చు. రెన్‌కు పది సీన్లకు బదులు నాలుగిస్తే నేను ఈ వ్యాసం రాసేవాణ్ని కాదు.

నా బాధ వేరే. ఆ 1988 ఆల్బమ్ అట్ట చూడండి. మనం కింద పడి ఉన్నట్టు, పైనుంచి వాళ్లు మనవైపు వంగి చూస్తున్నట్టు ఫొటో. ఈజీ చేతిలో తుపాకీ. లెక్కపెడితే ఆరుగురు. ఆరో మనిషి అరేబియన్ ప్రిన్స్. పేరు విని మోసపోకండి, అరబ్బు కాదు, నల్లజాతి అమెరికన్. గ్రూపు పునాదిలో ఉన్న మనిషి, అప్పటికే పేరున్న డీజే. జె.జె. ఫ్యాడ్ అనే అమ్మాయిల గ్రూపు 'సూపర్‌సోనిక్' పాటతో గ్రామీ నామినేషన్ దాకా వెళ్లింది. ఆ పాట తయారీలో ఈయన చెయ్యి ఉంది. ఈజీ కంపెనీ రూత్‌లెస్‌కు తొలిరోజుల్లో పేరూ పైసా తెచ్చిన పాటల్లో అదొకటి. సినిమాలో ఆ అమ్మాయిలూ లేరు, అరేబియన్ ప్రిన్సూ లేడు. ఒక్క మాట లేదు. 2016లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి గ్రూపును తీసుకున్నప్పుడు కూడా ఐదుగురినే తీసుకున్నారు.

ఆయన గ్రూపు ఎందుకు వదిలాడో తెలుసా? రాయల్టీల లెక్క. పైసలు ఎటు వస్తున్నాయి, ఎటు పోతున్నాయి అని అడిగి, జవాబు నచ్చక బయటికి నడిచాడు. ఇప్పుడు సినిమా గుర్తు తెచ్చుకోండి. అందులో అసలు కొట్లాటే అది. క్యూబ్ కాగితాల మీద సంతకం పెట్టనంటాడు, మేనేజర్ జెర్రీ హెల్లర్‌ను లెక్కలడుగుతాడు, ఒంటరిగా వెళ్లిపోతాడు. హాలంతా చప్పట్లు కొట్టే ఘట్టం. క్యూబ్ అడగలేదని నేననను, అడిగాడు, నష్టపోయాడు. కానీ ఆయనకంటే ముందు ఒకడు అదే సవాల్ అడిగి అదే తలుపులోంచి వెళ్లిపోయాడు. అతను తెర మీద ఉంటే క్యూబ్ మొదటివాడు కాకుండా పోతాడు. అరేబియన్ ప్రిన్స్‌ను తీసేయడం వల్ల నిమిషాలు మిగిలాయేమో గానీ, అసలు మిగిలింది హీరోకి ఆ 'మొదటి' అనే ఇజ్జత్. దీన్ని నేను ఇఖ్తిసార్ అనలేను. ఒకరి హక్ ఇంకొకరి ఖాతాలో వేయడం ఖియానతే.

జర్నలిస్టుగా నాకు ఇంకో పేరు గుచ్చుకుంటుంది, డీ బార్న్స్. టీవీలో ర్యాప్ ప్రోగ్రాం చేసిన మనిషి. 1991లో ఒక పార్టీలో డ్రే ఆమెను కొట్టాడు. కేసైంది. సినిమాలో ఆ సంగతి లేదు. రిలీజైన వారంలోనే ఆమె తన కథ తానే రాసింది, తర్వాత డ్రే పేపర్ల ముందు మాఫీ అడిగాడు. సినిమాలో లేనివాళ్లలో పాటలు రాసినవాళ్లే కాదు, దెబ్బలు తిన్నవాళ్లు కూడా ఉన్నారు. డ్రేతో బతికిన గాయని మిషెల్లే 2016లో టీవీకి తన వెర్షన్ తానే తెచ్చుకుంది. పోనీ, అదీ ఒక రావీ మాటే.

నిడివి పెంచితే ఇన్సాఫ్ దొరుకుతుందా అంటే అదీ నమ్మకం లేదు. వూ-టాంగ్ క్లాన్ మీద 2019 నుంచి 2023 దాకా మూడు సీజన్ల సీరియల్ వచ్చింది. 1993లో మొదటి ఆల్బమ్ తెచ్చినప్పుడు తొమ్మిది మంది వాళ్లు. మూడు సీజన్లంటే తొమ్మిది మందికీ కావలసినంత జాగా. అయినా అది సృష్టించిన ఇద్దరిలో ఒకడు గ్రూపు సర్దార్ ఆర్‌జా. కథ ఆయన కళ్లలోంచే ఎక్కువ చూస్తాం. మస్తా కిల్లాకి ఆ మొదటి ఆల్బమ్ మొత్తంలో ఒక్క పాటలోనే భాగం ఉంది, కాబట్టి ఆయనకు తక్కువ సీన్లు రావడంలో నాకు తప్పేం కనిపించదు. పని తక్కువైతే హిస్సా తక్కువ. రెన్ సంగతి అట్లా కాదు కదా, పని ఎక్కువ, హిస్సా తక్కువ.

మనవైపు ఖవ్వాలీలో ఈ సంగతి ఎట్లుంటుందో చూడండి. ఉర్స్ పోస్టర్ మీద ఒక పేరు పెద్దగా, కింద 'ఔర్ హమ్‌నవా' అని చిన్నగా. హమ్‌నవా అంటే గొంతు కలిపేవాడు. పేరు రాయకపోయినా, ఒకడు ఉన్నాడని అయినా ఒప్పుకుంటుంది ఆ మాట. నుస్రత్ ఫతే అలీ ఖాన్ పక్కన హార్మోనియం మీద ఆయన తమ్ముడు ఫరూఖ్, తబలా మీద దిల్దార్ హుస్సేన్. వినేవాళ్లకు ఆ పేర్లు తెలుసు. రేపు నుస్రత్ మీద సినిమా తీసి తబలా లేకుండా చూపిస్తే మన ఇళ్లలో ముసలివాళ్లు ఊరుకుంటారా?

ఇంత పట్టింపు నీకెందుకు మియా అనొచ్చు. రెన్ 1990లలో ఇస్లాంలోకి వచ్చాడు, మొదట నేషన్ ఆఫ్ ఇస్లాం, తర్వాత సున్నీ. మనవాడని వకాలత్ పుచ్చుకున్నాననుకుంటారేమో. అది కాదు. నేను కూడా ఒకసారి డ్రే పక్షాన కూచున్నవాణ్నే.

ఇరవై ఏళ్ల కిందటి మాట. జిల్లా ఎడిషన్ డెస్క్‌లో పని. ఒక మండల విలేకరి వక్ఫ్ జమీన్ మీద ఐటమ్ తెచ్చాడు. సర్వే నంబర్లు, పాత గెజెట్ నకలు, ఆక్రమణలో ఉన్న ఇళ్ల లెక్క, అన్నీ తానే మోటార్ సైకిల్ మీద తిరిగి పోగుచేసినవి. తెలుగు సరిగా లేదని నేను కూచుని మళ్లీ రాశాను. పొద్దున పేపర్లో బైలైన్ నాది. నేను అడగలేదు, ఎవరో వేశారు. కానీ నేను దిద్దమనీ అడగలేదు. ఆయన ఫోన్ చేసి "ముబారక్ సాబ్, బాగా వచ్చింది" అన్నాడు. షికాయత్ లేదు, ఎత్తిపొడుపు కూడా లేదు. ఆ కటింగ్ చూపించే నాకు తర్వాత హైదరాబాద్‌లో నౌకరీ వచ్చింది. ఆయన ఇప్పుడు లేరు. నా కథ సినిమాగా తీస్తే ఆ ఐటమ్ ఎవరు రాసినట్టు చూపిస్తానో నాకు తెలుసు. అందుకే క్యూబ్‌నీ డ్రేనీ షైతానులని అనలేను. ఎవరి పేరు పడాలో తేల్చే కుర్చీలో కూచున్నప్పుడు మనిషికి తన మెహనత్ మాత్రమే బాగా యాదుంటుంది.

బేటాకి నేను చెప్పింది ఒక్కటే. సూరె బఖరాలో అప్పు పత్రం గురించిన ఆయత్ ఉంది కదా, మొత్తం ఖురాన్‌లో అన్నిటికంటే పొడుగైనది. ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసిపెట్టుకోండి, గవాహులను పెట్టుకోండి అని. దోస్తీలో రాతకోతలేంటని అనుకోవద్దు, పాట యూట్యూబ్‌లో పెట్టే ముందే ఎవరు రాశారు, బీట్ ఎవరిది, వీడియో తీసిందెవరు, పైసలొస్తే ఎవరికెంత, నలుగురూ కూచుని రాసుకోండి. వాడు మొహం మాడ్చుకున్నాడు. "పైసలు ఎక్కడొస్తున్నయ్ అబ్బా?" అన్నాడు. రాయాల్సింది రాకముందేరా నాయనా.

తర్వాత ఇద్దరం ఆ పాత ఆల్బమ్ అట్ట తీసి చూశాం. వాడు వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఆరోవాడి పాట ఏదీ అన్నాడు. ఆల్బమ్‌లో చివరిది, అరేబియన్ ప్రిన్స్ ముద్ర బాగా కనిపించేది, పెట్టాను. మిగతా పాటలకూ దీనికీ పొంతన లేదు, అవి కొట్లాటకొస్తే ఇది పార్టీలో ఆడించే పాట.

"ఇది బాలేదు అబ్బా," అన్నాడు.

నిజం చెప్పాలంటే నాకూ అంతగా నచ్చలేదు. చివరిదాకా విన్నాం.