ఎవరి బూట్లు వాళ్ళే

ఆదివారం సాయంత్రం వరండాలో పాత పేపరు పరిచి బూట్లు పాలిష్ చేయడం పదేళ్ళుగా నా పనే. మావారివి ఒక జత, అబ్బాయి స్కూలువి ఒక జత. పోయిన నెల నాకు నడుం పట్టేసి పడుకుంటే, ఎవరూ చెప్పకుండానే మా అమ్మాయి వచ్చి ఆ పేపరు ముందు కూర్చుంది. ఇంటర్ చదువుతోంది, మర్నాడు పరీక్ష. తొమ్మిదో తరగతి చదివే తమ్ముడు సోఫాలో ఫోను చూసుకుంటున్నాడు. అది తుడుస్తున్నది వాడి బూట్లే.

వాణ్ణి లేపబోతే మా అత్తగారు, "మగపిల్లాడి చేత బూట్లు తుడిపిస్తావా?" అన్నారు. ఆవిణ్ణి అనడానికేముంది? ఇది ఆడవాళ్ళ పనని పిల్లలిద్దరికీ నేర్పింది నేనే కదా!

మా నాన్నగారు లెక్కల మాస్టారు. ఆయన బూట్లు అమ్మను కూడా ముట్టుకోనిచ్చేవారు కాదు. "దుమ్ము తెచ్చింది నేను, దులపాల్సిందీ నేనే" అనేవారు. చెక్క పిడి ఉన్న ఆయన గుర్రపు వెంట్రుకల బ్రష్షే ఇప్పటికీ మేం వాడుతున్నాం. మరుసటి ఆదివారం దాన్ని మావాడి చేతిలో పెట్టాను.

స్పాంజి ఉన్న లిక్విడ్ పాలిష్ కొనమన్నాడు. అది నిమిషంలో మెరుస్తుంది, నిజమే. కానీ ఎప్పుడూ అదే రాస్తుంటే పైన పొరలా కట్టి, బూటు మడత పడేచోట పగుళ్ళు కనిపిస్తాయి. అందుకే పాత పద్ధతే నేర్పాను. లేసులు తీసి, ముందు దుమ్ము దులపాలి. గుడ్డతో డబ్బా పాలిష్ పల్చగా రాసి పది నిమిషాలు వదిలేయాలి. తర్వాత బ్రష్‌ని నొక్కకుండా చకచకా ఆడించాలి. ఆ రాపిడికి పాలిష్‌లోని మైనం మెత్తబడి సమంగా పరుచుకుంటుంది. మెరుపు అలా వస్తుంది. నైలాన్ బ్రష్ బిరుసుగా ఉంటుంది, ఇంత నునుపు రాదు. కొనేది అసలుదో కాదో తెలియాలంటే ఒక వెంట్రుక పీకి కాల్చి చూడండి. జుట్టు కాలిన వాసన వస్తే అసలుది, కరిగి ముద్దయితే నైలాన్. నలుపుకీ బ్రౌనుకీ మాత్రం వేరువేరు బ్రష్‌లు ఉంచుకోండి.

ఇంత చిన్న పనికి ఇంత రాద్ధాంతమా అంటారేమో. పావుగంట పనే. చిన్నది కాబట్టే ఎవరూ అడగకుండా మన మీద పడుతుంది, మన తర్వాత మన అమ్మాయి మీద పడుతుంది. ఇంకో మాట కూడా ఉంది. తన బూటు తుడుచుకోవడమే నామోషీ అనుకునే పిల్లాడు, రైల్వే స్టేషన్ బయట పాలిష్ పెట్టెతో కూర్చున్న మనిషిని ఏం గౌరవిస్తాడు? గాంధీగారు దక్షిణాఫ్రికాలో స్వయంగా చెప్పులు కుట్టి, తనను జైల్లో పెట్టించిన జనరల్ స్మట్స్‌కే ఒక జత ఇచ్చారు. ఆయనకి లేని నామోషీ మన పిల్లలకెందుకు?

మావాడు మొదటి వారం సాక్సులకీ, గచ్చుకీ కూడా పాలిష్ పూశాడు. ఇప్పుడు పర్వాలేదు. అత్తగారు చూస్తారు, ఏమీ అనరు.

మావారే ఇంకా "రేపు చేసుకుంటాలే" దగ్గర ఆగారు. ఆయన బూట్లు దుమ్ముతోనే ఆఫీసుకి వెళ్తున్నాయి. రోజూ గుమ్మంలో వాటిని చూస్తూ, బ్రష్ ముట్టుకోకుండా చేతులు కట్టుకుని నిలబడుతున్నాను. అన్నిటికంటే అదే కష్టంగా ఉంది.